బ్రిటన్ సూపర్‌మార్కెట్లలో పార్ట్‌టైమ్ ఉద్యోగానికి గ్రూప్ ఇంటర్వ్యూ: తరచుగా అడిగే ప్రశ్నలు

మాస్టర్స్ చదవడానికి బ్రిటన్ చేరిన తెలుగు విద్యార్థులలో చాలామంది మొదటి రెండు నెలల్లోనే టెస్కో, సెయిన్స్‌బరీస్, ఆస్డా, మారిసన్స్, ఆల్డీ, లిడిల్, కో-ఆప్ వంటి సూపర్‌మార్కెట్లకు దరఖాస్తు పెడతారు. కొందరికి ఆన్‌లైన్ పరీక్ష తరువాత గ్రూప్ ఇంటర్వ్యూకు రమ్మని ఈమెయిల్ వస్తుంది. అటువంటి ఇంటర్వ్యూకు మొదటిసారి వెళ్ళేవారి సందేహాలకు ఇక్కడ జవాబులు ఉన్నాయి.

గ్రూప్ ఇంటర్వ్యూ అంటే ఏమిటి? దుకాణంలో పనికి ఇంత తతంగం ఎందుకు?

ఐదారుగురు మొదలుకొని పది పదిహేను మంది వరకు అభ్యర్థులను ఒకే సమయానికి స్టోరుకు పిలిచి, ఒకే గదిలో కూర్చోబెట్టి, వారిచేత చిన్న చిన్న పనులు కలిసి చేయిస్తూ ఇద్దరు ముగ్గురు మేనేజర్లు గమనించడమే గ్రూప్ ఇంటర్వ్యూ. చాలా చోట్ల గంట నుంచి రెండు గంటల వరకు సాగుతుంది. చివర్లో ఒక్కొక్కరితో విడిగా పది పదిహేను నిమిషాలు మాట్లాడటం కూడా ఉండవచ్చు. అన్ని సంస్థలూ ఈ పద్ధతి పాటించవు. ఒకే సంస్థలో కూడా ఒక స్టోరు గ్రూప్ ఇంటర్వ్యూ పెడితే మరొకటి నేరుగా ఒక్కొక్కరినే పిలుస్తుంది. కాబట్టి వచ్చిన ఈమెయిల్‌ను పూర్తిగా చదవడం ముఖ్యం. ఎంతసేపు పడుతుంది, ఏమి తీసుకురావాలి, ఎవరిని అడగాలి అన్న వివరాలు అందులోనే ఉంటాయి.

ఒకేసారి ఎక్కువమందిని చూడవచ్చన్నది ఈ పద్ధతికి ఒక కారణమైతే, అంతకంటే పెద్ద కారణం పని స్వభావంలోనే ఉంది. సూపర్‌మార్కెట్ పనిలో తొలి రోజున ఎవరికీ ఏమీ తెలియకపోయినా ఫరవాలేదు. టిల్ (బిల్లింగ్ కౌంటర్) మీద బిల్లు వేయడం, షెల్ఫులు నింపడం, ఆన్‌లైన్ ఆర్డర్లకు సరుకులు ఏరడం అన్నీ వారే నేర్పుతారు. కొత్తవారితో మర్యాదగా మెలగడం, తోటివారికి చేయందించడం, హడావిడిలో సహనం కోల్పోకుండా ఉండటం మాత్రం వారు నేర్పగలిగినవి కావు. అవి ఇంటి నుంచి పంపిన బయోడేటాలో కనిపించవు, అపరిచితుల మధ్య మనిషిని కూర్చోబెట్టినప్పుడే కనిపిస్తాయి.

ఇంజనీరింగ్ కాలేజీలో క్యాంపస్ ప్లేస్‌మెంట్ల కోసం గ్రూప్ డిస్కషన్ నేర్చుకున్నాను. ఇదీ అలాంటిదే కదా?

కాదు. మన విద్యార్థులు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే కాబట్టి ఈ తేడాను కొంత వివరంగా చెప్పాలి. మన కాలేజీల్లో గ్రూప్ డిస్కషన్‌కు ఇచ్చే శిక్షణ ప్రధానంగా వడపోతను ఎదుర్కోవడానికి ఇచ్చేది. ముందుగా నోరు విప్పాలి, వీలైనన్నిసార్లు మాట్లాడాలి, ఎదుటివారి వాదనలో లోపం పట్టాలి, ముగింపు మాట మనదై ఉండాలి అని నేర్పుతారు. ఇంటర్ మొదలుకొని ర్యాంకుల మధ్య పెరిగిన మనకు పక్కన కూర్చున్నవాడు పోటీదారుగానే కనిపించడం సహజం కూడా.

సూపర్‌మార్కెట్ గ్రూప్ ఇంటర్వ్యూలో ఆ నేర్పు మీకు వ్యతిరేకంగా పనిచేస్తుంది. మేనేజర్ చేతిలోని కాగితంలో ఎవరు ఎంతసేపు మాట్లాడారన్న లెక్క ఉండదు. ఎవరు విన్నారు, ఎవరు ఇతరులను కలుపుకొని పోయారు, అభిప్రాయం కాదన్నప్పుడు ఎవరు ఎలా స్పందించారు అన్నవాటికే మార్కులు. పైగా ఒక గదిలోంచి ఒక్కరినే తీసుకోవాలన్న నియమం ఏదీ లేదు. ఖాళీలు ఉంటే నలుగురైదుగురిని తీసుకోవచ్చు, నచ్చకపోతే ఎవరినీ తీసుకోకపోవచ్చు. పక్కవారు బాగా చేసినంత మాత్రాన మీ అవకాశం తగ్గదు. మీ సాయంతో వారు బాగా చేసినట్లు కనిపిస్తే మీ అవకాశం పెరుగుతుంది.

అలాగని మౌనంగా కూర్చోకూడదు. గదిలో ఎవరైనా చాలాసేపు మాట్లాడకుండా ఉంటే వారివైపు తిరిగి, పేరుతో పిలిచి, "మీరేమంటారు?" అని అడగండి. ఎవరో చెప్పిన ఆలోచన నచ్చితే అది వారిదేనని చెబుతూ దానికి ఒక మాట జోడించండి. ఒప్పుకోలేకపోతే, అందులోని మంచిని ముందు గుర్తించి, తరువాత మీ సందేహాన్ని ప్రశ్న రూపంలో అడగండి. నలభై నిమిషాల వ్యవధిలో ఇటువంటివి మూడు నాలుగు సహజంగా చేయగలిగితే చాలు.

లోపల ఏమేమి చేయిస్తారు?

మొదట పరిచయాలు ఉంటాయి. మీ పేరు, ఏం చదువుతున్నారు, మీ గురించి ఒక ఆసక్తికరమైన విషయం చెప్పమంటారు. కొన్నిచోట్ల పక్కవారితో రెండు నిమిషాలు మాట్లాడి, మీకు బదులు వారిని గదికి పరిచయం చేయమంటారు. ఈ రెండో పద్ధతి శ్రద్ధగా వినే గుణానికి పరీక్ష. పక్కవారు చెప్పిన మూడు విషయాలు గుర్తుపెట్టుకొని, వారి పేరును సరిగ్గా పలికినవారు అక్కడే సగం మంచిపేరు తెచ్చుకుంటారు. పేరు సరిగ్గా వినబడకపోతే మళ్ళీ అడగడం తప్పు కాదు, ఊహించి పలకడమే తప్పు.

మీ పేరు విషయంలోనూ ఒక మాట. మన పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు, రెండు మూడు పదాల పేరు కలగలిసి ఉంటాయి కాబట్టి ఛాతీ మీద అంటించుకునే చీటీపై ఏ పేరు రాయాలో ముందే నిర్ణయించుకోండి. మిమ్మల్ని ఇంట్లో, స్నేహితుల్లో ఎలా పిలుస్తారో ఆ పేరే రాయవచ్చు. దానిని పలికే తీరు ఒకసారి నెమ్మదిగా చెప్పండి. పలకడానికి వారికి కష్టమని కొత్త ఇంగ్లీషు పేరు పెట్టుకోవలసిన పని లేదు.

తరువాత బృందాలుగా విడదీసి ఒక పని ఇస్తారు. ఎండిన స్పగెటీ, టేపుతో ఎత్తైన గోపురం కట్టమనడం, నిర్జన ద్వీపంలో చిక్కుకుంటే పది వస్తువుల్లో ఏ ఐదు ఉంచుకుంటారో తేల్చమనడం, కొత్త శాండ్‌విచ్ ఒకటి రూపొందించి దానిని ఎలా అమ్ముతారో చెప్పమనడం వంటివి ఎక్కువగా వస్తాయి. గోపురం కూలిపోయినా నష్టం లేదు. గడియారం చూస్తూ "ఇంకా నాలుగు నిమిషాలే ఉన్నాయి" అని గుర్తుచేసిన వ్యక్తినీ, కూలినప్పుడు ఎవరినీ నిందించకుండా మళ్ళీ మొదలుపెట్టిన వ్యక్తినీ మేనేజర్లు రాసుకుంటారు. పని ముగిశాక బల్ల మీది చెత్త తీసి కుర్చీలు సర్దడం కూడా వారు చూస్తూనే ఉంటారు. దుకాణంలో ఉద్యోగం అంటే రోజుకు పదిసార్లు అదే పని.

"ఒకేసారి నాలుగు పనులు వచ్చిపడితే ఏది ముందు చేస్తారు?" అన్న ప్రశ్నకు సరైన జవాబు ఉందా?

ఒకే సరైన క్రమం లేకపోవచ్చు గాని, సరైన ఆలోచనా క్రమం ఉంది. ఒక ఉదాహరణ తీసుకుందాం. నడవాలో గాజు సీసా పగిలి నేల మీద పచ్చడి ఒలికింది. టిల్ దగ్గర ఎనిమిది మంది నిలబడ్డారు. పాలు, పెరుగు ఉన్న ట్రాలీ బయటే నిలిచిపోయింది. ఒక పెద్దావిడ చక్కెర ఎక్కడుందని అడుగుతున్నారు.

మనుషుల భద్రత ఎప్పుడూ ముందు. గాజు పెంకుల దగ్గర నుంచి మీరు కదలకూడదు. శుభ్రం చేసే సామగ్రి కోసం మీరే పరుగెత్తితే ఆ అర నిమిషంలోనే ఎవరైనా జారిపడవచ్చు. అక్కడే నిలబడి, సహోద్యోగిని పిలిచి సామగ్రి తెప్పించాలి. అక్కడి నుంచే పెద్దావిడకు నడవా పేరు చెప్పి, ఒక్క నిమిషంలో వచ్చి చూపిస్తానని అనవచ్చు. రెండోది కస్టమర్లు. టిల్ దగ్గర మరొకరు కావాలని మేనేజరుకు కబురు పంపాలి. మూడోది సరుకు. అయితే పాల ట్రాలీని సాధారణ సరుకుతో సమానంగా చూడకూడదు. ఇంగ్లండ్‌లో చల్లగా ఉంచవలసిన ఆహారాన్ని 8 డిగ్రీల సెల్సియస్‌కు మించనివ్వకూడదని ఆహార నిబంధనలు చెబుతాయి కాబట్టి ఆ ట్రాలీ బిస్కెట్ల ట్రాలీ కంటే ముందు లోపలికి వెళ్ళాలి. "ఇది ముందు, ఎందుకంటే" అని కారణంతో చెప్పినప్పుడు మీ క్రమం మేనేజర్ క్రమంతో కలవకపోయినా మార్కులు పోవు. అన్నిటినీ మీ ఒక్కరి భుజాల మీద వేసుకోకుండా సహాయం అడగడమన్నది ఈ జవాబులో తప్పక ఉండాలి.

కోపంగా ఉన్న కస్టమర్‌తో మాట్లాడినట్లు నటించమంటే ఎలా?

మేనేజరే కస్టమర్ వేషం వేసి, నిన్న కొన్న పాలు విరిగిపోయాయని, రసీదు లేదని గొంతు పెంచవచ్చు. ముందు పూర్తిగా వినండి. మధ్యలో అడ్డుతగలకండి. ఆ అసౌకర్యానికి క్షమాపణ చెప్పి, విషయం సరిగ్గా అర్థమైందో లేదో వారి మాటనే ఒకసారి తిరిగి చెప్పి నిర్ధారించుకోండి. తరువాత మీరు ఏం చేయగలరో చెప్పండి. డబ్బు వెనక్కి ఇచ్చే అధికారం మీకు ఉందో లేదో తెలియనప్పుడు ఇస్తానని మాట ఇవ్వకండి, ఇవ్వడం కుదరదని కొట్టిపారేయకండి. "మా సూపర్‌వైజరును ఇప్పుడే పిలుస్తాను, మీరు మళ్ళీ మొదటి నుంచి చెప్పుకోనవసరం లేకుండా విషయం నేనే వివరిస్తాను" అన్న జవాబు నా దృష్టిలో అన్నిటికంటే గట్టిది.

వేషం మరీ ముదిరి దూషణలోకి వెళ్తే, ప్రశాంతంగా ఒక అడుగు వెనక్కి వేసి సహాయం కోసం పిలుస్తానని చెప్పవచ్చు. దుకాణ సిబ్బంది తిట్లు భరించాలని ఏ మంచి సంస్థా కోరదు.

నేను ఎప్పుడూ దుకాణంలో పనిచేయలేదు. అనుభవం గురించి అడిగితే ఏం చెప్పాలి?

జీతం తీసుకున్న పని మాత్రమే అనుభవం కాదు. మేనమామగారి కిరాణా కొట్టులో సెలవుల్లో కూర్చోవడం, వినాయక చవితి మండపం దగ్గర ప్రసాదం వరుసను సర్దడం, ఎన్‌ఎస్‌ఎస్ శిబిరంలో వంట సరుకుల లెక్క చూడటం, అక్క పెళ్ళిలో మూడు పంక్తుల వడ్డన చూసుకోవడం వంటివన్నీ జనంతో, వేళతో, తోటివారితో కలిసి చేసిన పనులే. అయితే వాటిని చెప్పే తీరు ముఖ్యం. పరిస్థితి ఏమిటి, అందులో మీ బాధ్యత ఏది, మీరు ఏం చేశారు, దాని ఫలితం ఏమిటి అన్న నాలుగు మెట్లలో చెప్పడాన్ని ఇక్కడ స్టార్ పద్ధతి అంటారు. చాలామంది మేనేజర్లు ఆ నాలుగు గడులు ఉన్న కాగితం మీదనే రాసుకుంటారు.

ఉదాహరణకు ఇలా చెప్పవచ్చు: "మా కాలేజీ టెక్నికల్ ఫెస్ట్‌లో రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర ఉండే బాధ్యత నాది. మొదటి రోజు ఉదయం పేర్ల జాబితా ఒకటే ఉండటంతో వరుస గేటు దాకా పెరిగి కొందరు విసుక్కున్నారు. నేను జాబితాను అక్షర క్రమంలో రెండుగా విడదీసి, నా స్నేహితురాలిని రెండో బల్ల దగ్గర కూర్చోబెట్టి, వరుసలో ఉన్నవారి దగ్గరకు వెళ్ళి ఏ బల్లకు రావాలో ముందే చెప్పాను. మొదటి కార్యక్రమం మొదలయ్యేలోపు అందరూ లోపలికి వెళ్ళగలిగారు." ఇది ఒక నిమిషంలో ముగుస్తుంది, ఇంగ్లీషులో కూడా చిన్న వాక్యాలతోనే చెప్పవచ్చు. ఇటువంటివి మూడు సిద్ధం చేసుకోండి: ఒకటి కస్టమర్ వంటి వ్యక్తికి సాయం చేసినది, ఒకటి బృందంతో కలిసి పనిచేసినది, ఒకటి ఒత్తిడిలో లేదా అభిప్రాయభేదంలో నెగ్గుకొచ్చినది.

ఇక్కడ మన పెంపకం ఒక చిక్కు తెచ్చిపెడుతుంది. సొంత గొప్ప చెప్పుకోకూడదని "మేము చేశాం, మేము చూసుకున్నాం" అంటాం. వింటున్న మేనేజరుకు అందులో మీరు ఏం చేశారో అర్థం కాదు. విడి ఇంటర్వ్యూలో మీ పనిని "నేను" అనే చెప్పాలి. అది గొప్పలకు పోవడం కాదు, అడిగిన ప్రశ్నకు జవాబు మాత్రమే. లేని అనుభవాన్ని మాత్రం కల్పించి చెప్పకండి. ఒక సూపర్‌మార్కెట్‌లో ఏడాది చేశానని చెప్పినవారిని తరువాతి ప్రశ్నగా అక్కడ సరుకు ఎలా సర్దేవారో అడుగుతారు, పైగా రెఫరెన్సు కూడా అడుగుతారు.

"మా దుకాణంలోనే ఎందుకు చేయాలనుకుంటున్నారు?" అంటే?

డబ్బు అవసరమని వారికి తెలుసు, దానిని దాచనవసరం లేదు గాని జవాబు అక్కడితో ఆగకూడదు. ఇంటర్వ్యూకు రెండు రోజుల ముందు అదే స్టోరుకు వెళ్ళి అరగంట తిరగండి. సెల్ఫ్ చెకౌట్ దగ్గర ఎవరు నిలబడి సాయం చేస్తున్నారు, ఏ వేళకు రద్దీ ఎక్కువ, ఏ కస్టమర్లు ఎక్కువగా వస్తున్నారు అన్నవి గమనించండి. "గురువారం సాయంత్రం వచ్చినప్పుడు మీ సిబ్బంది ఒకరు నన్ను అడిగిన వస్తువు దగ్గరి దాకా తీసుకెళ్ళారు" అని నిజంగా జరిగినది చెప్పడం వెబ్‌సైట్‌లోని నినాదాన్ని అప్పజెప్పడం కంటే వెయ్యి రెట్లు మేలు. సంస్థ గురించి ఒకటి రెండు విషయాలు తెలిసి ఉండాలి. టెస్కోకు క్లబ్‌కార్డ్, సెయిన్స్‌బరీస్‌కు నెక్టార్ అనే కస్టమర్ల పాయింట్ల కార్డులు ఉన్నాయని, వెయిట్రోస్ అనే సూపర్‌మార్కెట్ జాన్ లూయిస్ పార్ట్‌నర్‌షిప్‌లో భాగమని, అక్కడ ఉద్యోగులను పార్ట్‌నర్లు అంటారని తెలిసినంత చాలు.

పని గురించి ముందుగా తెలుసుకోదగినవి ఏమైనా ఉన్నాయా?

మూడు విషయాలు తెలిసి ఉంటే మీ జవాబుల్లో బరువు కనిపిస్తుంది. మొదటిది తేదీలు. ప్యాకెట్ మీది "యూజ్ బై" తేదీ భద్రతకు సంబంధించినది, అది దాటిన సరుకును అమ్మడానికి వీల్లేదు. "బెస్ట్ బిఫోర్" తేదీ నాణ్యతకు సంబంధించినది. రెండోది సర్దే తీరు. ముందుగా తేదీ దాటేవి ముందుకు, కొత్తగా వచ్చినవి వెనక్కి పెడతారు. మూడోది వయసు. మద్యం, సిగరెట్లు, లాటరీ టికెట్లు, కత్తులు 18 ఏళ్ళు నిండనివారికి అమ్మకూడదు. 25 ఏళ్ళలోపు ఉన్నట్లు కనిపించే ప్రతివారినీ గుర్తింపు కార్డు అడగడాన్ని ఛాలెంజ్ 25 అంటారు. కస్టమర్ ఎంత విసుక్కున్నా కార్డు లేకపోతే అమ్మకూడదు, ఎందుకంటే నిబంధన మీరితే టిల్ మీద ఉన్న ఉద్యోగి కూడా చట్టం ముందు బాధ్యులవుతారు.

నా ఇంగ్లీషు యాస వారికి అర్థం కాకపోతే? వారి యాస నాకు అర్థం కాకపోతే?

యాస సమస్య కాదు, వేగం సమస్య. కంగారులో మనం ఇంగ్లీషును గుక్క తిప్పుకోకుండా మాట్లాడతాం. వాక్యానికి వాక్యానికి మధ్య ఊపిరి తీసుకున్నంత వ్యవధి ఇస్తే అదే యాస చక్కగా అర్థమవుతుంది. గ్లాస్గో, న్యూకాజిల్, లివర్‌పూల్ వంటి ఊళ్ళలో స్థానికుల మాట మొదట్లో పట్టుబడదు. అర్థం కానప్పుడు తల ఊపి ఊరుకోకుండా మరొకసారి చెప్పమని అడగండి. అడిగి తెలుసుకునే ఉద్యోగి మీద మేనేజర్లకు నమ్మకం పెరుగుతుంది. తల ఊపడంలోనూ జాగ్రత్త అవసరం. మనం అడ్డంగా, ఏటవాలుగా ఊపే తల ఇక్కడివారికి అవునో కాదో తేలదు కాబట్టి నోటితో చెప్పండి. గదిలో మరో తెలుగు విద్యార్థి ఉంటే ఇంటర్వ్యూ ముగిసేదాకా ఇద్దరూ ఇంగ్లీషులోనే మాట్లాడుకోవడం మిగిలినవారికి ఇచ్చే గౌరవం.

మేనేజరును సార్, మేడమ్ అనవచ్చా?

అవసరం లేదు. బ్రిటన్‌లో మేనేజరును కూడా మొదటి పేరుతోనే పిలుస్తారు. వయసులో పెద్దవారిని పేరుతో పిలవడం మనకు నోరురాని పనే. ఎలాగూ పిలవలేకపోతే ఏ సంబోధనా లేకుండా మర్యాదగా మాట్లాడితే సరిపోతుంది. ప్రతి వాక్యానికీ సార్ తగిలిస్తే మాత్రం మీరు బెదిరిపోతున్నట్లు కనిపిస్తుంది.

వారానికి ఎన్ని గంటలు చేయగలనని చెప్పాలి?

ఈ ప్రశ్నకు జవాబు చట్టంతో ముడిపడి ఉంది కాబట్టి తొందరపడి "ఎన్ని గంటలైనా" అనకూడదు. డిగ్రీ, మాస్టర్స్ స్థాయి కోర్సు చదివే స్టూడెంట్ వీసాదారుకు సాధారణంగా టర్మ్ కాలంలో, అంటే విశ్వవిద్యాలయం సెలవులుగా ప్రకటించని రోజుల్లో, వారానికి 20 గంటల పరిమితి ఉంటుంది. వారం అంటే సోమవారం నుంచి ఆదివారం వరకు. ఇది సగటు లెక్క కాదు. ఒక వారం 14 చేసి మరో వారం 26 చేస్తే ఆ రెండో వారం ఉల్లంఘనే. ఓవర్‌టైమ్, రెండో ఉద్యోగం అన్నీ కలిపే 20. అందుకే 20 గంటల కాంట్రాక్టు కంటే 12 నుంచి 16 గంటల కాంట్రాక్టు మేలని నా సలహా. రద్దీ వారాల్లో అదనంగా రెండు మూడు గంటలు అడిగినా పరిమితి దాటకుండా ఒప్పుకోగలుగుతారు.

వేసవి మీద కూడా భ్రమ వద్దు. ఏడాది మాస్టర్స్‌లో డిసర్టేషన్ రాసే వేసవి నెలలను చాలా విశ్వవిద్యాలయాలు టర్మ్ కాలంగానే లెక్కిస్తాయి. మీ కోర్సు తేదీలు చూపే ఉత్తరాన్ని విశ్వవిద్యాలయం నుంచి తీసుకొని పెట్టుకోండి. విద్యార్థులను చేర్చుకునేటప్పుడు యాజమాన్యం దానిని అడిగి దాచుకోవాలి.

గంటలతో పాటు రోజులూ అడుగుతారు. లెక్చర్ల టైమ్‌టేబుల్ చూసి, మీకు వీలైన వేళలు ఒక కాగితం మీద రాసుకొని వెళ్ళండి. సూపర్‌మార్కెట్లకు ఎక్కువగా కావలసింది శుక్రవారం సాయంత్రం, శని, ఆదివారాలు. ఆదివారానికి ఒక ప్రత్యేకత ఉంది. ఇంగ్లండ్, వేల్స్‌లలో 280 చదరపు మీటర్లకు మించిన దుకాణాలు 1994 నాటి ఆదివారపు వ్యాపార చట్టం ప్రకారం ఉదయం 10 నుంచి సాయంత్రం 6 మధ్య ఆరు గంటలే తెరవవచ్చు, అందుచేత ఆ ఆరు గంటలూ రద్దీగా ఉంటాయి. రాత్రి పదకొండుకు షిఫ్ట్ ముగిస్తే ఇంటికి బస్సు ఉంటుందో లేదో కూడా ముందే చూసుకోండి. చేయలేని వేళలకు ఒప్పుకొని, చేరిన రెండో వారమే కుదరదనడం మీకూ మంచిది కాదు, మీ తరువాత వచ్చే విద్యార్థికీ మంచిది కాదు.

నేను శాకాహారిని. మాంసం, మద్యం ముట్టుకోవలసి వస్తుందా?

టిల్ మీద కూర్చుంటే ప్యాక్ చేసిన మాంసం, గొడ్డు మాంసంతో సహా, మద్యం సీసాలు చేతిలోకి వస్తాయి. దానిని తప్పించుకోవడం దాదాపు అసాధ్యం. బేకరీ, కూరగాయలు, ఆన్‌లైన్ ఆర్డర్ల ఏరివేత వంటి విభాగాల్లో తేడా ఉంటుంది గాని, ఆర్డర్లలోనూ అన్నీ ఉంటాయి. మీకు నిజంగా అభ్యంతరం ఉంటే విడి ఇంటర్వ్యూలో స్పష్టంగా, ఒకే వాక్యంలో అడగండి. కొందరు మేనేజర్లు విభాగం మార్చగలరు, కొందరు మార్చలేరు. చేరాక టిల్ మీద ఒక వస్తువును ముట్టుకోనని నిలిచిపోవడం కంటే ముందే తెలుసుకోవడం ఇద్దరికీ గౌరవం.

ఏ బట్టలు వేసుకోవాలి? ఏ పత్రాలు తీసుకెళ్ళాలి?

సూటు అవసరం లేదు. ఇస్త్రీ చేసిన చొక్కా లేదా కుర్తీ, ముదురు రంగు ప్యాంటు, నడవడానికి వీలైన శుభ్రమైన బూట్లు చాలు. కోటు తీసి చేతిలో పట్టుకోవలసి వస్తుంది కాబట్టి బరువైన సంచులు వద్దు. ఇక్కడ అద్దె గదుల్లో వంటగది పక్కనే ఆరేసిన బట్టలకు పోపు వాసన పడుతుంది, వాటిని ముందు రోజే విడిగా ఆరబెట్టుకోండి.

పత్రాల్లో పాస్‌పోర్టు, విశ్వవిద్యాలయ ఉత్తరం, షేర్ కోడ్ ముఖ్యం. ఇప్పుడు వీసా వివరాలు ఈవీసా (ఆన్‌లైన్ వీసా) రూపంలో ఉంటాయి కాబట్టి ప్రభుత్వ వెబ్‌సైట్‌లో పని హక్కు కోసం షేర్ కోడ్ తీసుకోవాలి. అది తొమ్మిది అక్షరాలు, అంకెలతో ఉంటుంది, డబ్ల్యూతో మొదలవుతుంది, 90 రోజులు చెల్లుతుంది. జీతం మీది పన్ను, బీమా లెక్కలకు వాడే నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు ఇంకా రాలేదని ఇంటర్వ్యూ మానుకోకండి. పని హక్కు నిరూపించగలిగితే, దరఖాస్తు చేసుకొని ఆ నంబరు వచ్చేలోపు పనిలో చేరవచ్చు. ఆ దరఖాస్తుకు రుసుము లేదు.

పెళ్ళయిందా, ఏ మతం, ఆరోగ్యం ఎలా ఉంది అని అడుగుతారా?

అడగకూడదు. 2010 సమానత్వ చట్టం ప్రకారం పెళ్ళి, మతం, గర్భం వంటి కారణాలతో వివక్ష చూపకూడదు, ఉద్యోగం ఇస్తామనేలోపు ఆరోగ్యం గురించి అడగడానికి కూడా కొద్దిపాటి మినహాయింపులే ఉన్నాయి. మీరు కూడా బయోడేటాలో ఫొటో, పుట్టిన తేదీ, తండ్రి పేరు, వైవాహిక స్థితి రాయనవసరం లేదు. అయితే వినికిడి లోపమో, ఎక్కువసేపు నిలబడలేకపోవడమో ఉండి ఇంటర్వ్యూలో సౌకర్యం కావాలంటే ముందుగా ఈమెయిల్ రాసి అడగడం మీ హక్కు.

చివర్లో "మీరేమైనా అడుగుతారా?" అంటే జీతం అడగవచ్చా?

అడగవచ్చు గాని అది మొదటి ప్రశ్న కాకపోతే మంచిది. ప్రకటనలోనే సాధారణంగా రాసి ఉంటుంది. 21 ఏళ్ళు నిండినవారికి చట్టం నిర్ణయించిన కనీస వేతనం 2025 ఏప్రిల్‌లో గంటకు 12.21 పౌండ్లు, 2026 ఏప్రిల్ నుంచి 12.71 పౌండ్లు. అంతకంటే తక్కువ ఇస్తామంటే ఒప్పుకోకండి. మొదటి వారాల్లో శిక్షణ ఎలా ఉంటుంది, రోటా (షిఫ్టుల పట్టిక) ఎన్ని రోజుల ముందు ఇస్తారు, పరీక్షల వారాల్లో షిఫ్ట్ మార్చుకోవడం కుదురుతుందా అన్నవి మంచి ప్రశ్నలు. వాటి జవాబులు మీకు నిజంగా అవసరం కూడా.

డబ్బు ఇస్తే ఇంటర్వ్యూ లేకుండా చేర్పిస్తామంటున్నారు. నమ్మవచ్చా?

నమ్మకండి. బ్రిటన్‌లో పని వెతికిపెట్టినందుకు అభ్యర్థి నుంచి ఏజెన్సీ రుసుము వసూలు చేయడానికి, కొద్దిపాటి మినహాయింపులు తప్ప, చట్టం ఒప్పుకోదు. సూపర్‌మార్కెట్లు ఎవరి దగ్గరా డబ్బు తీసుకోవు. మరొకరి పేరు మీద షిఫ్ట్ చేయడం, మీ వివరాలు మరొకరికి అద్దెకివ్వడం వీసాకే ముప్పు. వాట్సాప్ గ్రూపులో అన్నా అని పిలిపించుకునే వ్యక్తి చెప్పినా సరే, ఇంటి అప్పు మీద వచ్చిన చదువును అలా పణంగా పెట్టకండి.

ఎంపిక కాలేదని ఈమెయిల్ వస్తే ఏం చేయాలి?

చాలా సంస్థలు వారం పది రోజుల్లో ఏదో ఒకటి చెబుతాయి. కాలేదంటే రెండు వాక్యాల్లో ధన్యవాదాలు చెప్పి, ఏ విషయంలో మెరుగుపడాలో చెప్పగలరా అని అడగండి. అందరూ జవాబివ్వరు, ఇచ్చినవారి మాట మాత్రం విలువైనది. అనేక సందర్భాల్లో కారణం మీ ప్రవర్తన కాదు, మీరు చెప్పిన వేళలు వారి ఖాళీలతో కలవకపోవడమే. కాబట్టి అదే సంస్థకు చెందిన మరో స్టోరుకు దరఖాస్తు పెట్టడానికి వెనుకాడకండి, ఎంత వ్యవధి తరువాత మళ్ళీ పెట్టవచ్చో ఆ సంస్థ నిబంధన ఒకసారి చూసుకోండి. క్రిస్మస్ కోసం తాత్కాలిక సిబ్బందిని తీసుకునే ప్రకటనలు సెప్టెంబరు, అక్టోబరు నెలల్లోనే మొదలవుతాయి, వారిలో కొందరిని జనవరి తరువాత కూడా కొనసాగిస్తారు. సెప్టెంబరులో దిగిన విద్యార్థి చిరునామా, బ్యాంకు ఖాతా పనులు ముగియగానే ఆ ప్రకటనల కోసం సంస్థల సొంత వెబ్‌సైట్లలో అలర్టు పెట్టుకోవడం మంచిది.